‘మోదా అని’ నేర్చుకున్న నాలుగేళ్ల పాపతో ఇంట్లో ఏం చేయాలి?

న్యూజెర్సీలో యూదుల ప్రీస్కూలుకు వెళ్తున్న మీ నాలుగేళ్ల పాప పొద్దున్నే ‘మోదా అని’ పాడుతోందనీ, రంగులు వేసిన రెండు పిడుల కప్పొకటి ఇంటికి తెచ్చిందనీ, కృతజ్ఞత నేర్పడానికి వీటిని ఇంట్లో ఎలా వాడుకోవాలనీ అడిగారు. నేను అటువంటి బడిలోనే ఏడేళ్లుగా సహాయ ఉపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. యూదురాలిని కాను, కోనసీమలో పుట్టి పెరిగినదాన్ని. అందువల్ల ఈ ప్రార్థనలను నేను కూడా పిల్లల పక్కన కూర్చునే నేర్చుకున్నాను.

‘మోదా అని’ అనేది నిద్ర లేవగానే యూదులు తమ ప్రార్థనల భాష హీబ్రూలో చెప్పుకునే 12 మాటల ప్రార్థన. మగపిల్లలు ‘మోదె’ అని, ఆడపిల్లలు ‘మోదా’ అని మొదలుపెడతారు. నిత్యుడవైన రాజా, దయతో నా ప్రాణాన్ని నాకు తిరిగి ఇచ్చినందుకు నీ ఎదుట కృతజ్ఞత చెప్పుకుంటున్నాను, నీ విశ్వసనీయత గొప్పది అని దీని భావం. ఇందులో దేవుని నామం లేదు కనుక చేతులు కడుక్కోకముందే, పక్క మీద ఉండగానే చెప్పవచ్చు. ‘నేను’ అనే అర్థమిచ్చే ‘అని’ ఇందులో రెండవ మాట, కృతజ్ఞతను తెలిపే ‘మోదా’యే మొదటిది; నాకు ఈ ప్రార్థనలో అన్నిటికన్నా నచ్చినది ఈ వరుస.

కృతజ్ఞతను యూదులు ‘హకరత్ హతోవ్’ అంటారు, అంటే మేలును గుర్తించడం. మన ‘కృతజ్ఞత’లోనూ చేసిన మేలును ఎరగడమనే అర్థమే ఉంది. కాబట్టి ‘థాంక్యూ చెప్పు’ అని పిల్లలను తొందరపెట్టే ముందు, చేతిలోకి వచ్చినది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు చూపించాలని నేను గట్టిగా నమ్ముతాను.

తినే ముందు చెప్పే దీవెనలు ఇందుకు ఎంతో తోడ్పడతాయి. చెట్టున కాసిన పండుకు ఒక దీవెన, నేలలో పండినదానికి మరొకటి, రొట్టెకు వేరొకటి ఉన్నాయి. మా తరగతి పిల్లలు ఒక అట్టకు సగం ఆకుపచ్చ కాగితం, సగం మట్టిరంగు కాగితం చింపి అతికించారు. చిరుతిండి వేళ ఆపిల్ ముక్క, కీరా, స్ట్రాబెర్రీ ఏ వైపుకు చెందుతాయో పెట్టి చూసి, ఆ దీవెన చెప్పి తింటారు. అరటిపండు మట్టి వైపుకు వెళ్లినప్పుడు ఒక పిల్లవాడు ససేమిరా ఒప్పుకోలేదు. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం కాయ కోశాక అదే కొమ్మ మళ్లీ కాపుకు వస్తేనే అది చెట్టు. అరటి బోదె ఒక్క గెల వేసి చచ్చిపోతుంది, పక్క నుంచి పిలక లేస్తుంది. గెల దిగాక మా నాన్న బోదెను నరికి పిలకను ఉంచడం చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను కనుక, అదంతా బొమ్మ గీసి చెప్పాను. ఆ పిల్లవాడు ఒలవబోతున్న పండును ఆపి, అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు దీవెన చెప్పాడు. నాలుగేళ్ల వయసుకు అంతకన్నా మంచి కృతజ్ఞత నేనింకా చూడలేదు.

చేతిపనుల విషయంలో ఒక్కటే చూసుకోండి: తయారైన వస్తువు రోజూ వాడకంలో ఉండాలి. మొదటి ఏడాది మేము కాగితపు ఆకులపై కృతజ్ఞతలు రాయించి గోడకు చెట్టు కట్టాము. వారం తరువాత పిల్లలెవరూ దానివైపు చూడలేదు. మీ పాప తెచ్చిన కప్పు, నిద్ర లేవగానే, రొట్టె తినే ముందు చేతులపై నీళ్లు పోసుకునే యూదుల ఆచారానికి సంబంధించినది. ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకోవడానికే దానికి రెండు పిడులు. దాన్ని షోకేసులో పెట్టకుండా పంపు పక్కన ఉంచండి. ఇంకొకటి చేయాలనుకుంటే, తెల్లని నూలు దిండు గలీబులో అట్ట దూర్చి, బట్టల మార్కర్లతో పాపకు ఇష్టమైనవాటి బొమ్మలు గీయించి, పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేయండి. నిద్ర లేచిన వెంటనే అవే కనిపిస్తాయి.

మీరు యూదులు కాకపోతే వారి ప్రార్థనను మీ ఇంటి ప్రార్థనగా మార్చుకోనక్కరలేదు. పాప పాడుతుంటే శ్రద్ధగా విని, అర్థం చెప్పమని అడగండి. లేవగానే అరచేతులు చూసుకుని ‘కరాగ్రే వసతే లక్ష్మీః’ అనుకోవడం, భోజనం ముగించి ‘అన్నదాతా సుఖీభవ’ అనడం మీ ఇంట్లో అలవాటైతే వాటినీ అర్థంతో సహా నేర్పండి. ఏ పూటైనా చెప్పనంటే బలవంతం చేయవద్దు. మా తరగతిలో అలాంటప్పుడు మేమే మెల్లగా మొదలుపెడతాము. చాలాసార్లు రెండో మాటకే ఆ గొంతు మాతో కలుస్తుంది.