చంటిపిల్లలతో వారం వారం ఊరెళ్ళి ఇల్లు కట్టించుకోగలమా?

మీరడిగింది ఇదీ: "హైదరాబాదులో ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. పిల్లలకి నాలుగేళ్ళు, ఏడాదిన్నర. ఊళ్ళో మామయ్య గారిచ్చిన స్థలంలో ఇల్లు మొదలుపెడదామని ఉంది. శని, ఆదివారాలు వెళ్ళొస్తూ దగ్గరుండి చూసుకోగలమా? పిల్లలు తట్టుకుంటారా?"

కట్టించుకోగలరండీ. కానీ ప్రతి వారం వెళ్ళకండి. మేం పదకొండు వారాలు అలాగే తిరిగి, ఆ తర్వాత మానేశాం.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. స్థలం అయిదు సెంట్లు, అంటే 242 గజాలు. అసలైతే 2022లోనే మొదలుపెట్టాలి. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. అలాంటప్పుడు శంకుస్థాపన చెయ్యకూడదని మా అత్తయ్య ఆపేశారు. విసుక్కున్నాను గానీ, వేవిళ్ళతో ఆ సిమెంటు దుమ్ములో నిలబడటం తల్చుకుంటే ఇప్పుడు ఆవిడకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. చివరికి 2024 ఫిబ్రవరిలో, మాఘమాసంలో కొబ్బరికాయ కొట్టాం. మరుసటి మాఘానికి గృహప్రవేశం. మొదలుపెట్టినప్పుడు మా పిల్లల వయసులు సరిగ్గా మీ పిల్లల వయసులే.

శుక్రవారం రాత్రి లింగంపల్లిలో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళం. గుడివాడ దాటేసరికి తెల్లారేది. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువులు, వాటి గట్ల మీద కొంగలు. మావాడు కిటికీకి ముక్కు ఆనించి లెక్కపెట్టేవాడు. భీమవరం టౌన్‌లో దిగి, ఆటో ఎక్కి, తాతయ్య ఇంటికి. రైలంటే పిల్లలకి ఎప్పుడూ సరదాయే, అందులో మాకేం కష్టం రాలేదు. ఇడ్లీలకి కారప్పొడి, నెయ్యి పూసి డబ్బాలో పెట్టుకుంటే రాత్రి భోజనం అయిపోయేది. కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. ఆదివారం రాత్రి ఎక్కి సోమవారం పొద్దున దిగి, ఇంటికొచ్చి, వాణ్ణి అరగంటలో తయారుచేసి బడికి తోలేదాన్ని. నెలన్నర గడిచాక వాళ్ళ టీచరు ఫోన్ చేసింది. "సోమవారాలు మీ బాబు బల్ల మీద తలపెట్టి నిద్రపోతున్నాడమ్మా, ఇంట్లో అంతా బాగానే ఉందా?" అని. ఆ రెండో ముక్క అడిగిన తీరుకి నాకు సిగ్గేసింది.

టికెట్ల సంగతి ముందే తెలుసుకోండి. అయిదేళ్ళలోపు పిల్లలకి బెర్తు అక్కర్లేదంటే టికెట్టే లేదు. అయిదు నుంచి పన్నెండేళ్ళలోపు వాళ్ళకి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. పని మధ్యలో మావాడికి అయిదు నిండాయి, లెక్క మారిపోయింది. ముందస్తు రిజర్వేషన్ కూడా ఇప్పుడు 120 రోజులు కాదు, 60 రోజులే. కాబట్టి సంక్రాంతికీ దసరాకీ తేదీ గుర్తుపెట్టుకుని బుక్ చెయ్యాలి.

ఇక సైటు. మీ ఊరు కూడా డెల్టాలోనే అయితే ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. మా దగ్గర రెండడుగులు తవ్వితే ఊటనీరు వచ్చేస్తుంది. సెప్టిక్ ట్యాంకుకని తవ్విన గోతిలో ఒక్క రాత్రికి మోకాలి లోతు నీళ్ళు చేరాయి. మేస్త్రీ దాని మీద సెంట్రింగ్ రేకు ఒకటి అడ్డంగా పడేసి, "ఏం ఫర్లేదండమ్మా" అన్నాడు. మావారూ నేనూ వంటింటి గుమ్మం ఎటు పెట్టాలో వాదించుకుంటున్నాం. అప్పటికి పిల్లకి ఏడాది ముప్పావు. రేకు చివర కాలు పెట్టింది, అది లేచింది. ఇటుకలు మోస్తున్న కూలి మనిషి ఒకావిడ తట్ట కింద పడేసి గౌను పట్టుకుని లాగేసింది. మేమిద్దరం చూసింది ఆ తర్వాతే. అంత చిన్న పిల్లకి మోకాలి లోతు నీళ్ళు చాలు.

ఆ సాయంత్రమే మామయ్య గారు కొబ్బరి మట్టలతో గోతి చుట్టూ దడి కట్టించారు. పచ్చ వల కట్టి ఊరుకోకండి, అది మన కళ్ళకి కనిపించడానికే తప్ప పిల్లల్ని ఆపదు. సంపుకి కూడా అంతే, గొయ్యి తవ్విన రోజే మూతో దడో ఉండాలి. ఇంకోటి, కలిపిన సిమెంటు పిల్లలకి పిండిముద్దలాగే కనిపిస్తుంది. మావాడు దాంతో గారెలు చేశాడు. మర్నాటికి వేళ్ళ చివర్లు పొట్టు లేచిపోయాయి, తడి సిమెంటుకి సున్నంలాగే చర్మాన్ని కాల్చే గుణం ఉంటుంది. వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మేకులూ బైండింగ్ వైరు ముక్కలూ ఎటూ ఉంటాయి కాబట్టి, వాడికి రావలసిన డీపీటీ బూస్టర్ అయిదు నిండగానే వేయించేశాను. మీరు కూడా టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి.

ఏప్రిల్ చివర్లో మూఢం వస్తోందని, దానికి ముందే హడావిడిగా గుమ్మం ఎత్తించాం. అప్పుడే వేసవి సెలవులు. నేను ఆఫీసులో బతిమాలుకుని ఇంటి నుంచి పని తీసుకున్నాను, పిల్లలతో ఆరు వారాలు అత్తయ్య వాళ్ళింట్లోనే ఉన్నాను. మావారు ఒక్కరే వచ్చి వెళ్ళేవారు. మొత్తం ఏడాదిలో పిల్లలు నిజంగా సుఖపడింది ఆ ఆరు వారాలే. ఇల్లు సైటుకి రెండు వీధుల అవతల. పిల్లలు తాతయ్యతో పొద్దున అరగంట వచ్చి చూసి, ఎండెక్కే లోపు వెళ్ళిపోయేవాళ్ళు. మీకు అలాంటి వీలు ఏమాత్రం ఉన్నా స్లాబు పని సెలవుల్లో పడేలా చూసుకోండి.

మా స్లాబుకి మాత్రం రెండు అడ్డంకులొచ్చాయి. మే 13న పోలింగు. మేస్త్రీ మనుషులు ఓట్లకి వాళ్ళ ఊళ్ళకి వెళ్ళి వారం దాకా రాలేదు. రెండోది నీళ్ళు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. బోరు వేస్తే ఉప్పునీళ్ళు. మామయ్య గారు దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేసి, "ఇవి రొయ్యలకి పనికొస్తాయి గానీ ఇంటికి కాదు" అన్నారు. మేస్త్రీ "ఊళ్ళో అందరూ ఇవే పోస్తున్నారండీ" అన్నాడు. పరీక్ష చేయించాం. ఇనుము వేసిన కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు. మా బోరులో దానికి రెట్టింపు దాటింది. ఆ నీళ్ళు పోస్తే లోపల రాడ్డు తుప్పుపట్టి ఉబ్బుతుంది, కొన్నేళ్ళకి స్లాబు అడుగు పెచ్చులూడుతుంది. మెట్ట వైపు నుంచి ట్యాంకర్లు తెప్పించి కాంక్రీటు పోశాం. డబ్బు బాగానే అయింది, బాధ లేదు. సిమెంటు మీద అప్పుడు జీఎస్టీ 28 శాతం, 2025 సెప్టెంబరు నుంచి 18 అయింది, మీకు ఆ మేరకు కలిసొచ్చినట్టే.

స్లాబు వేశాక మర్నాడు దాని మీద చిన్న చిన్న మళ్ళు కట్టి నీళ్ళు నిలబెడతారు. ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ (ఫ్లైయాష్ బూడిద కలిపిన) సిమెంటుకి కనీసం పది రోజులు తడి ఆరకూడదు. మామయ్య గారు వ్యవసాయం చేసిన మనిషి, ఆ పని ఎవరికీ వదల్లేదు. మనవణ్ణి వెంటబెట్టుకుని రోజూ పొద్దునా సాయంత్రం పైకెక్కేవారు. "తాతయ్యా, మేడ మీద చేనా?" అన్నాడు వీడు. కాగితం పడవలు వేశాడు. ఒక మడిలో దొంగచాటుగా నాలుగు వడ్లగింజలు కూడా చల్లాడు. పిట్టగోడ ఉండదు కాబట్టి నియమం ఒక్కటే: తాతయ్య చెయ్యి వదిలితే ఆట బంద్. దిగగానే నిచ్చెన తీసి పక్కింట్లో పెట్టేవాళ్ళం. నీళ్ళు మూడు రోజులకోసారి తోసేసి కొత్తవి పెట్టించాం, డ్రమ్ములు కూడా అంతే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. ఇల్లు కట్టే చోట డెంగీ ఎక్కువగా రావడానికి కారణం అదే.

జూన్‌లో హైదరాబాదు తిరిగొచ్చాక కూర్చుని ఆలోచించాం. ఆ పదకొండు వారాల్లో మేం సైటులో ఉండటం వల్ల ఒరిగింది ఎంత? నిజంగా మా కంటితో చూసి ఆపిన తప్పులు రెండే. మిగతా వారాలు ఇటుకలు ఎంత ఎత్తు లేచాయో చూసి, టీ తాగి, మేస్త్రీ ముందే ఇద్దరం పోట్లాడుకుని వచ్చాం. పిల్లలకి ఆ రెండు రోజులూ వినిపించినవల్లా "అది ముట్టుకోకు, అటు వెళ్ళకు, ఇక్కడే కూర్చో".

అందుకని ఒకటే సూత్రం పెట్టుకున్నాం. మళ్ళీ కనబడకుండా మూసేసే పని ఏదైనా ఉంటే, మూసే ముందు వెళ్ళాలి. పునాదిలో కాంక్రీటు పోసే ముందు, స్లాబులో రాడ్డు, కరెంటు పైపులు పరిచాక, గోడలకి పూత వేసే ముందు, బాత్రూముల్లో టైల్సు వేసే ముందు. మూతపడని పనికి ఫోన్ చాలు. మామయ్య గారికి వీడియో కాల్ నేర్పించాం, టేపు పక్కన పెట్టి ఫోటో తీయడం నేర్పించాం. ఈ టేపు ఫోటోలు గోడలన్నిటికీ పూతకి ముందు తీయించుకోండి. తర్వాత మేకు కొట్టేటప్పుడు లోపల పైపు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా మొత్తం ఏడుసార్లు వెళ్ళాం, అందులో మూడు మావారు ఒక్కరే. సెప్టెంబరులో వినాయక చవితికి అందరం వెళ్దామనుకున్నాం గానీ, సరిగ్గా అప్పుడే విజయవాడ వరదలు, రైళ్ళు రద్దు. ఆ ప్రయాణం మానుకున్నాం.

మానుకున్నందుకు ఒక నష్టం జరిగింది, అది దాచను. బాత్రూములో నీళ్ళు నిలబెట్టి ఊటలేవీ లేవని చూశారు గానీ, ఆ తర్వాత వేసిన టైల్సు వాలు గుమ్మం వైపుకి వచ్చింది. ఫోన్‌లో వాలు తెలియదు. ఇప్పటికీ స్నానమయ్యాక నీళ్ళు చీపురుతో తోయాలి. అత్తయ్య రోజూ తోస్తూ మేస్త్రీని తలుచుకుంటారు. అయినా సరే, వారం వారం వెళ్ళడం కంటే ఈ చీపురే నయం అంటాను నేను. మావారు ఒప్పుకోరు.

లోను గురించి రెండు మాటలే: బ్యాంకు దశలవారీగా ఇస్తుంది, ఇచ్చినంత మేరకే వడ్డీ పడుతుంది. కానీ హైదరాబాదులో అద్దె, ఇక్కడ వడ్డీ ఒకేసారి కట్టాలి. దానికి తోడు టికెట్లు, ఆటోలు, మేస్త్రీలకి బిర్యానీలు. మా పదకొండు వారాల ఖర్చుతో ఒక గదికి టైల్సు వచ్చేవి.

గృహప్రవేశం రోజు పాలు పొంగించి, బంధువులందరూ భోజనాలకి కూర్చున్నాక, మావాడు నా చీర కొంగు పట్టుకుని "ఇంక ఇంటికి వెళ్దామా?" అన్నాడు. "ఇదే కదరా మనిల్లు" అన్నాను. "కాదు, ఇది సైటు" అన్నాడు. కొత్త నేల మీద అడుగు కూడా భయంభయంగా వేస్తున్నాడు, ముట్టుకోవద్దంటామేమోనని. అంతలో తాతయ్య వచ్చి "మేడ మీద చేను చూసొద్దాం పద" అనగానే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. మెట్లకీ పిట్టగోడకీ అప్పటికి పని పూర్తయింది లెండి.

మీ స్థలం నల్లరేగడా, ఎర్రనేలా, ఎంత పల్లంలో ఉందో రాయండి. మా పునాదికి బుసక (మెరక చెయ్యడానికి పోసే సన్న ఇసుక) ఎంత తోలించామో, ఎక్కడ పొరపాటు పడ్డామో విడిగా చెబుతాను.