గిరాకీ లేని కాలంలో సమ్మె: ముందు గోడౌన్ లెక్క చూడండి

అడిగింది ఇది: ఆర్డర్లు తగ్గాయి, లేఆఫ్ (పని లేదని కొంతకాలం ఇంటికి పంపడం) మాట వినిపిస్తోంది, గేటు బయట పనికోసం జనం కాచుకుని ఉన్నారు. ఇలాంటప్పుడు సంఘం కట్టి సాధించేదేముంటుంది? పెట్టుబడిదారీ విధానాన్నే ఎదిరించాలంటారు కదా, అది ఎక్కడ మొదలవుతుంది?

సాధించేది ఉంటుంది. కాకపోతే మంచి రోజుల్లో పనికొచ్చిన పద్ధతి ఇప్పుడు ఎదురు తిరుగుతుంది. సరుకు అమ్ముడుపోనప్పుడు మీరు పని మానేస్తే యజమానికి జీతాలు మిగులుతాయి, అంతే. 1982 జనవరిలో మొదలైన బొంబాయి బట్టల మిల్లుల సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది దిగారు. ఐక్యతకు లోటేమీ లేదు. కానీ మిల్లుల్లో నిల్వలు పేరుకుని ఉన్నాయి, బయట పవర్‌లూమ్‌ల మీద గుడ్డ వస్తూనే ఉంది. యజమానులకు తొందరేముంటుంది? ఏడాది దాటింది, విరమించామని ఎవరూ ప్రకటించకుండానే సమ్మె చల్లారిపోయింది.

అందుకే సమ్మె నోటీసు రాయకముందే స్టోర్స్‌లో, డిస్పాచ్‌లో పనిచేసేవాళ్ళతో కూర్చోండి. తయారై ఉన్న సరుకు ఎంత, రోజుకు బయటికి వెళ్ళేది ఎంత? 9,000 పీసులు ఉండి రోజుకు 300 పోతుంటే, మీ సమ్మె 30వ రోజుదాకా యజమానిని తాకదు. ఆర్డర్లు లేవంటూనే ఓటీ (ఓవర్‌టైమ్) చేయమంటున్నారా? నిల్వ పెంచుతున్నారని అనుమానించాల్సిందే, లాకౌట్ (యజమానే గేటు మూసి పని ఆపేయడం) ఆలోచన ఉండొచ్చు. అప్పుడు మొదటి అస్త్రం సమ్మె కాదు, ఓటీకి నిరాకరణ. మామూలు జీతం పోదు, నిల్వ పెరగదు. ఒప్పందంలో ఓటీ తప్పనిసరి అని ఉందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

తర్వాత, ఏ ఒక్క చోట ఆగితే మొత్తం ఆగుతుందో కనిపెట్టాలి. మహామాంద్యం రోజుల్లో అమెరికాలోని ఫ్లింట్‌లో జనరల్ మోటార్స్ కార్మికులు చేసింది ఇదే. 1936 డిసెంబరు 30న కార్ల బాడీలు నొక్కే డైలు (అచ్చులు) ఉన్న ప్లాంటులోనే కూర్చుండిపోయారు. ఫిబ్రవరి 1న ఒక ప్లాంటులో గొడవ రేపి కాపలాను అటు మళ్ళించి, ఇంజిన్లు తయారయ్యే ఇంకో ప్లాంటును పట్టుకున్నారు. 44 రోజులకు కంపెనీ యూనియన్‌ను గుర్తించింది. అచ్చంగా అలాగే చేయమని చెప్పను. లోపల కూర్చున్నవాళ్ళను ఉద్యోగంలోంచి తీసేయొచ్చని 1939లో ఆ దేశపు సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. తీసుకోవాల్సింది ఆ కీలకమైన విభాగం సంగతి. అక్కడ పదిమంది మీతో లేకపోతే మిగతా చోట్ల రెండొందల మంది ఉన్నా లాభం తక్కువ.

జనం లెక్కలో అందరూ చేసే తప్పు ఒకటుంది. 'నేనూ మీతోనే' అన్న ప్రతివాణ్ణీ మనవాడిగా రాసుకోవడం. షిఫ్టుకో కాగితం తీసుకుని ప్రతి పేరు పక్కన ఆ మనిషి చేసిన పని మాత్రమే రాయండి: అర్జీ మీద పేరు పెట్టాడా, అందరూ బ్యాడ్జి పెట్టుకున్న రోజు పెట్టుకున్నాడా, చందా కట్టాడా. నా లెక్కలో విభాగంలో మూడింట రెండొంతుల మంది బహిరంగంగా సంతకం పెట్టేదాకా పెద్ద అడుగు వేయకూడదు. కాంట్రాక్టు వాళ్ళ పేర్లు ఈ కాగితంలో లేకపోతే కాగితమే తప్పు. ముందు తీసేసేది వాళ్ళనే, తర్వాత మీ స్థానంలోకి పిలిచేదీ వాళ్ళనే.

గేటు బయటివాళ్ళ విషయంలో 1934లో అమెరికాలోని టొలెడోలో ఆటో-లైట్ ఫ్యాక్టరీ సమ్మె చూడండి. అక్కడ నిరుద్యోగుల సంఘం సమ్మెను దెబ్బతీయడానికి పనిలో చేరలేదు, వేల సంఖ్యలో వచ్చి పికెటింగ్‌లో (గేటు దగ్గర అడ్డంగా) నిలబడింది. ఊరికే రాలేదు. అంతకుముందే నిరుద్యోగులకు ప్రభుత్వ సహాయం కోసం పోరాడుతూ సంఘటితమై ఉంది. తొలగించినవాళ్ళ సభ్యత్వం రద్దు చేయకండి, నామమాత్రపు చందాతో కొనసాగించండి. వాళ్ళ అద్దె, రేషన్, బకాయిల గొడవల్లో ముందే తోడు వెళ్ళండి. సమ్మె రోజు పొద్దున్నే వెళ్ళి పరిచయం చేసుకుంటే ఎవరూ వినరు.

ఇక డబ్బు. లెక్కను రోజు కూలీల్లో వేసుకుంటే సులువు. 200 మంది నెలకు ఒక్కో రోజు కూలీ చొప్పున 10 నెలలు కడితే 2,000 రోజు కూలీలు. సమ్మెలో మనిషికి కూలీలో మూడో వంతు ఇస్తే రోజుకు సుమారు 67 కూలీలు ఖర్చు, అంటే 30 రోజులు. మొదటి 14 రోజులు వైద్యానికి తప్ప ఏమీ ఇవ్వకుండా ఆగితే దాదాపు 44 రోజులు లాగొచ్చు. ఇది గోడౌన్ లెక్క కంటే తక్కువైతే సమ్మె వాయిదా వేయండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఖాతా మీద రెండు సంతకాలు ఉండాలి, నంబర్లున్న రసీదు పుస్తకం ఉండాలి, వారం వారం జమాఖర్చు గోడకు అంటించాలి. లెక్కల మీద అనుమానం పుడితే నాయకత్వం ఎంత నిజాయితీగా ఉన్నా సంఘం చీలుతుంది.

డిమాండ్లు కూడా మారాలి. జీతం పెంపు పక్కన పెట్టి పని గంటలు అందరికీ పంచమనండి, సీనియారిటీ జాబితా గోడకు పెట్టమనండి, తొలగింపుకు ముందే బకాయిలు చెల్లించమనండి. 2008 డిసెంబరులో షికాగోలో రిపబ్లిక్ విండోస్ ఫ్యాక్టరీ ఉన్నట్టుండి మూసేస్తే సుమారు 250 మంది లోపలే ఉండిపోయారు. వాళ్ళు యజమానితో పాటు, అప్పు ఆపేసిన బ్యాంకు మీద కూడా గురిపెట్టారు. ఆరు రోజుల్లో బకాయిలు చెల్లించే ఒప్పందం కుదిరింది.

విధానాన్నే ఎదిరించడమంటే, మూసేసిన ఫ్యాక్టరీని కార్మికులే నడపడం దాకా వెళ్ళిన చోట్లున్నాయి. 2001 ఆర్థిక సంక్షోభంలో అర్జెంటీనాలో బ్రుక్‌మన్ బట్టల ఫ్యాక్టరీ, జనోన్ టైల్స్ ఫ్యాక్టరీ అలాగే నడిచాయి. అలాంటి చోట యంత్రాలున్నా ముడిసరుకుకు డబ్బుండదు, పాత యజమాని అప్పులవాళ్ళు కోర్టుకెక్కుతారు. 2011లో అక్కడి దివాలా చట్టాన్ని సవరించాక, కార్మికులు తమకు రావాల్సిన బకాయిలనే పెట్టుబడిగా చూపి సహకార సంఘం పేరిట ఫ్యాక్టరీని కొనుక్కునే వీలు కలిగింది. కాబట్టి జీతం స్లిప్పులు, హాజరు కార్డులు, యంత్రాల జాబితా, కొనేవాళ్ళ చిరునామాలు ఇప్పటినుంచే నకళ్ళు తీసి ఫ్యాక్టరీ బయట దాచండి. గేటుకు తాళం పడ్డాక అవి చేతికి రావు.