స్పీకర్ గరగరమంటే ముందు వైరు కొస చూడండి

ప్రశ్న: మాది విశాఖ, బీచ్ రోడ్డుకు దగ్గర్లో అపార్ట్‌మెంట్. హోమ్ థియేటర్ కొని ఐదేళ్లయింది. ఎడమ స్పీకర్ ఉన్నట్టుండి గరగరమని ఆగిపోతుంది. వెనక వైరు కదిపితే మళ్లీ పలుకుతుంది. మెకానిక్ ఆంప్లిఫయర్ బోర్డు మార్చాలంటున్నాడు. మార్చాల్సిందేనా?

జవాబు: వైరు కదిపితే పలుకుతోందని మీరే అంటున్నారు కదా, అప్పుడే బోర్డు జోలికి పోవద్దు. ఆంప్లిఫయర్ ఆపి, ప్లగ్గు కూడా పీకేయండి. దాని వెనక ఉన్న ఎడమ, కుడి స్పీకర్ల వైర్లను ఒకదాని చోట ఒకటి పెట్టి మళ్లీ ఆన్ చేయండి. గరగర కుడి స్పీకర్‌కు మారితే లోపం ఆంప్లిఫయర్ వైపు ఉన్నట్టు. అప్పుడైనా ఆంప్లిఫయర్ వెనక ఎడమ వైరు బిగించే క్లిప్పును శుభ్రం చేసి చూశాకే బోర్డు సంగతి. ఎడమ స్పీకరే ఇంకా సతాయిస్తుంటే తప్పు వైరుదో, స్పీకర్‌దో.

నా అనుమానం మాత్రం వైరు కొస మీదే. సముద్రపు గాలిలో తేమకు ఉప్పు తోడవుతుంది. బయటికి ఉన్న రాగి పోగులు ముందు నల్లబడతాయి, తర్వాత పచ్చగా చిలుము పడతాయి. ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు. నొక్కినప్పుడు లోపలి రాగి తగిలి పాట వస్తుంది, వదిలితే పోతుంది. అలాంటి కొసను గీకి సరిపెట్టుకోవద్దు, కత్తిరించి పారేయండి. ఇన్సులేషన్ కింద కూడా నలుపు పాకి ఉంటుంది. మెరిసే రాగి కనబడేదాకా రెండు మూడు అంగుళాలు పోయినా బాధ లేదు. (వైరు లాగేటప్పుడు ప్రతి స్పీకర్ దగ్గరా ఒక అర మీటరు చుట్ట మిగల్చమనేది ఇందుకే.)

కొత్త కొసను సెంటీమీటరు మేర ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలేసి పెట్టండి. ఒక్క పోగు విడిపోయి పక్క తీగను తాకినా షార్టే. మంచి ఆంప్లిఫయరైతే 'ప్రొటెక్ట్' అని చూపి ఆగిపోతుంది. లేదంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లే పోవచ్చు, అప్పుడు మెకానిక్ మాట నిజమవుతుంది!

కొసకు సోల్డర్ పట్టిస్తే చిలుము రాదని కొందరు చెబుతారు. స్క్రూతో బిగించే చోట ఆ పని చేయొద్దు. సోల్డర్ మెత్తన, ఒత్తిడికి మెల్లగా అణిగి కొన్నాళ్లకు బిగువు సడలుతుంది. దానికంటే పిన్ లగ్గు (వైరు కొసకు తొడిగి నొక్కే లోహపు పిన్ను) నొక్కించుకోవడమో, మీ సెట్‌కు పడితే బనానా ప్లగ్గులు (వైరు కొసకు బిగించి స్పీకర్ రంధ్రంలోకి దూర్చే పిన్నులు) పెట్టుకోవడమో మేలు. బనానా ప్లగ్గు మందం 4 మిల్లీమీటర్లు. అది గోడ సాకెట్ రంధ్రంలోకి కూడా దూరుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఊడిన ప్లగ్గును నేల మీద వదిలేయకండి. ఇక స్పీకర్ వెనక క్లిప్పులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవండి. మీ ఊళ్లో ఆరు నెలలకోసారి చూసుకుంటే చాలు.

ప్రశ్న: కరీంనగర్‌లో కొత్తిల్లు కట్టుకుంటున్నాం. హాల్లో వెనక స్పీకర్ల దాకా వైరు 12 మీటర్లు పడుతుంది. ఎంత మందం వేయాలి? ఖరీదైన 'ఆక్సిజన్ ఫ్రీ' వైరే కొనమంటున్నారు.

జవాబు: లెక్క వేసి చూద్దాం. కరెంటు పోయి రావాలి కాబట్టి 12 మీటర్లంటే 24 మీటర్ల తీగ. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే దాని నిరోధం (కరెంటుకు అది పెట్టే అడ్డు) 0.8 ఓమ్ పైనే. 6 ఓమ్‌ల స్పీకర్‌కు అది 14 శాతం, చాలా ఎక్కువ. 5 శాతం లోపు ఉంచాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 1 చదరపు మిల్లీమీటరుకు 7 శాతం, 2.5కి 3 శాతం లోపే. 2.5 వేయండి, మళ్లీ గోడ పగలగొట్టే పని ఉండదు.

ఆక్సిజన్ ఫ్రీ (ఆక్సిజన్ దాదాపు తీసేసిన రాగి) అన్న పేరుకు అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు, ఇంట్లో వినేవారికి తేడా తెలియదు. అసలైన తేడా రాగికీ, రాగి పూత పూసిన అల్యూమినియానికీ మధ్య ఉంది. రెండో రకం చవక. కానీ నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు, నాలుగుసార్లు వంచితే పోగులు తెగుతాయి. షాపులోనే ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే వద్దనండి. అన్నట్టు, కరెంటు వైర్లున్న పైపులోనే వీటినీ తోయనివ్వకండి. ఎలక్ట్రీషియన్ 'ఏం కాదు సార్' అంటాడు. ఒప్పుకోవద్దు, వేరే పైపు వేయించండి.

ప్రశ్న: ఇల్లు మారాక బేస్ తగ్గింది. పాట ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు.

జవాబు: ఒక స్పీకర్‌కు ప్లస్ మైనస్ తారుమారై ఉంటుంది. ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతుంది, బేస్ అక్కడే చచ్చిపోతుంది. వైరులో ఒక తీగకు గీతో, అంచు వెంట గాడో ఉంటుంది. దాన్ని రెండు చివరలా ఎరుపు (ప్లస్) క్లిప్పుకే కలపండి. వైరు మీద గుర్తు లేకపోతే రెండు తీగలనూ ఆంప్లిఫయర్ నుంచి ఊడదీసి, అక్కడి కొసలకు 1.5 వోల్టుల సెల్లును క్షణం తాకించండి. ఊఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) కోన్ ముందుకు వస్తే సెల్లు ప్లస్ తగిలిన తీగే ఎరుపుది. వెనక్కి పోతే రెండోది.