నది ఒడ్డున గాజు ఇల్లు, వరదొస్తుందని తెలీదా?

ప్రశ్న: సార్, అమెరికాలో ఫార్న్స్‌వర్త్ హౌస్ అని చుట్టూ గాజు గోడలే ఉన్న ఇంటి ఫొటోలు చూశాను. అంత పెద్ద ఆర్కిటెక్ట్ అయ్యుండి నది పక్కనే ఎందుకు కట్టాడు? వరదొస్తే ఏంటి గతి? అసలు అందులో మనిషి కాపురం ఉండగలడా?

జవాబు: తెలీక కాదండీ, తెలిసే కట్టాడు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్లేనో అనే చిన్న ఊరి దగ్గర ఫాక్స్ నది ఒడ్డున, చెట్ల మధ్య ఉంటుందిది. 1951లో పూర్తయింది. నది పొంగుతుందనే కదా ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహే దాన్ని ఎనిమిది స్టీల్ స్తంభాలకి పట్టించి నేల నుంచి 5 అడుగుల 3 అంగుళాలు పైకి లేపింది! గాల్లో తేలుతున్నట్టుందే అని మనం మురిసిపోయే అందంలో సగం ఆ వరద భయం పుణ్యమే అంటాన్నేను. కానీ ఆ ఎత్తు చాల్లేదు. 1954లోనే నీళ్లు లోపలికొచ్చేశాయి, 1996లో అయితే ఇంట్లోనే ఐదడుగుల దాకా నిలిచి గాజు పగిలి లోపలి చెక్కపనంతా పాడైంది, 2008లో మళ్లీ అదే కథ. ఎగువన ఊళ్లు పెరిగి నేలంతా కాంక్రీటు, తారు అయిపోతే వాన నీరు ఇంకదు కదా, నేరుగా నదిలోకే పోతుంది.

ఇక కాపురం సంగతి. ఇల్లు కట్టించుకున్న ఈడిత్ ఫార్న్స్‌వర్త్ చికాగోలో కిడ్నీ డాక్టరు, వీకెండ్‌లో వచ్చి ఉండటానికని కట్టించుకుంది. తెరుచుకునేవి తలుపు కాకుండా ఒక చివర రెండు చిన్న కిటికీలే, ఎండాకాలం ఉడికిపోవడం, చలికాలం అద్దాల మీద చెమ్మ కారడం, రాత్రి లైటేస్తే పురుగులు. పైగా ఖర్చు పెరిగిపోయి ఆవిడా, ఆర్కిటెక్టూ ఇద్దరూ కోర్టుకెక్కారు. ఫీజు బాకీ అని ఆయన, మోసం అని ఈవిడ, చివరికి తీర్పు ఆయన వైపే మొగ్గింది. అయినా చూడండి, తిట్టుకుంటూనే దాదాపు ఇరవై ఏళ్లు వాడుకుంది! 1972లో అమ్మేసింది.

2003లో వేలానికొస్తే వారసత్వ కట్టడాలు కాపాడే సంస్థలు కలిసి 75 లక్షల డాలర్లకి కొన్నాయి, ఇప్పుడు ఎవరైనా వెళ్లి చూడొచ్చు. వరదొచ్చినప్పుడు జాకీలతో ఇంటిని పైకి లేపాలా, నేలే ఎత్తు చేయాలా, వేరేచోటికి తరలించాలా అని పెద్ద చర్చే నడిచింది. నన్నడిగితే జాకీలే నయం, ఆ నది కనపడని చోట పెడితే అది ఒట్టి గాజు పెట్టె అవుతుంది అంతే.