ప్రశ్న – జవాబు: కొండ మీది పాటలో దాచిందేమిటి?

ప్రశ్న: క్రికెట్ మ్యాచ్ మధ్యలో వచ్చే ప్రకటనలు ఈమధ్య ఒకే మూసలో కనిపిస్తున్నాయి. రకరకాల దేశాల వాళ్లు నవ్వుతూ ఒకరినొకరు కౌగిలించుకుంటారు, చివర ఒక సీసానో సెల్‌ఫోనో చూపిస్తారు. దేశాభిమానాన్ని మెల్లగా చెరిపేసి, ప్రపంచమంతా ఒకే ఏలుబడి కిందికి రావాలన్న గ్లోబలిజాన్ని మన మనసుల్లోకి ఎక్కించడానికే ఇవన్నీ తీస్తున్నారని నాతో పొద్దున్నే నడకకు వచ్చే మిత్రుడొకరు గట్టిగా వాదిస్తున్నారు. రుజువుగా 1971 నాటి కోకాకోలా ప్రకటనను ఫోనులో చూపించారు. నిజంగా వీటిలో రహస్య సందేశం ఉందంటారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: మీ మిత్రుడు చూపించిన ప్రకటననే ముందుగా తీసుకుందాం. ఆ తర్వాత వచ్చిన ఇలాంటి ప్రకటనలన్నీ దానికి పిల్లలో మనవలో అవుతాయి. కోకాకోలా సంస్థ చెప్పుకునే కథ ప్రకారం, మెకాన్ ఎరిక్సన్ ప్రకటనల కంపెనీలో ఆ ఖాతా చూసే బిల్ బ్యాకర్ 1971 జనవరిలో లండన్‌కు బయలుదేరితే, పొగమంచు వల్ల విమానం ఐర్లండ్‌లోని షానన్‌లో దిగింది. రాత్రంతా మండిపడ్డ ప్రయాణికులే మర్నాడు విమానాశ్రయంలో కోక్ సీసాలు ముందు పెట్టుకుని నవ్వుకుంటూ కబుర్లాడుకోవడం ఆయన చూశారట. ప్రపంచానికంతటికీ ఒక కోక్ కొనిపెట్టాలని ఉందన్న వాక్యం అక్కడే ఒక కాగితపు రుమాలు మీద పుట్టింది. ఆ పాటను మొదట రేడియోకు ఇస్తే పెద్దగా ఆదరణ లేదు సరికదా, సీసాలు నింపి అమ్ముకునే స్థానిక వ్యాపారులే (వాళ్లనే బాట్లర్లు అంటారు) చాలామంది పెదవి విరిచారు. తర్వాత ఇటలీలో రోమ్ దగ్గరి ఒక కొండ మీద, వానలు పలుమార్లు అడ్డుపడుతుండగా, దాదాపు రెండున్నర లక్షల డాలర్లతో చిత్రం తీశారు. ఆ రోజుల్లో ఒక ప్రకటనకు అది కళ్లు తిరిగే ఖర్చు.

ఇప్పుడు మీరు ఆ చిత్రాన్ని మరోసారి నెమ్మదిగా చూడండి. ఒకే ఒక అమ్మాయి ముఖంతో మొదలవుతుంది. కెమెరా పక్కకు జరిగే కొద్దీ పక్కన ఇంకొకరు, ఆ పక్కన మరొకరు చేరుతుంటారు. వాళ్ల వేషాలు వేరు, చేతిలోని సీసా మీది లిపులు కూడా వేరు. చివరికి కెమెరా పైకి లేచేసరికి కొండంతా జనం. సరిగ్గా అప్పుడు తెర మీద అక్షరాలు కదులుతాయి: ప్రపంచం నలుమూలల నుంచి యువతీయువకులను ఇటలీలోని ఒక కొండ మీద సమకూర్చి, ప్రపంచమంతటా ఉన్న కోకాకోలా బాట్లర్ల తరఫున ఈ సందేశాన్ని మీకు అందిస్తున్నామని వాటి సారాంశం. రహస్యంగా చెప్పదలచుకున్నవాడెవడూ ఇది మా సందేశం అని అచ్చువేసి మరీ చూపించడు. అందువల్ల ‘రహస్యం’ అన్న మాట దగ్గరే మీ మిత్రుని వాదన కూలిపోతుంది.

అలాగని అందులో సందేశమే లేదని నేను అనడం లేదు. వియత్నాం యుద్ధం ఇంకా సాగుతూ, అమెరికా ఇళ్లలో తండ్రీకొడుకులే దాని మీద తగువులాడుకుంటున్న రోజుల్లో ఆ పాట వచ్చింది. లోకానికంతటికీ ఇల్లు కొనిపెట్టాలని, దాన్ని ప్రేమతో నింపాలని అందులో కోరుకుంటారు. ఆ కోరిక తీర్చడం ఎవరి తరమూ కాదు, సీసా కొనడం మాత్రం అందరికీ చేతనైన పని. పెద్ద కోరికను చూపించి చిన్న కొనుగోలు చేయించడమే ఆ ప్రకటన పనితనమంతా. మనుషులు కలవడానికి చర్చలూ ఒప్పందాలూ అక్కర్లేదు, ఒకే వస్తువు చేతిలో ఉంటే చాలునన్న ఆలోచన అందులో నిజంగానే ఉంది, నా మట్టుకు నాకు అది నచ్చదు కూడా. ఆ ఏడాది నవంబరు నాటికి సంస్థకూ దాని వ్యాపారులకూ లక్షకు పైగా ఉత్తరాలు వచ్చాయంటే, జనానికి మాత్రం నచ్చిందనే చెప్పాలి.

ఇక ఒకే ఏలుబడి సంగతి. దేశానికొక పన్ను రేటు, దేశానికొక కూలి రేటు ఉండడం వల్లే బహుళజాతి సంస్థలు ఇక్కడ తయారుచేయించి, అక్కడ అమ్మి, ఇంకెక్కడో లాభం చూపించుకోగలుగుతున్నాయి. సరుకుకు సరిహద్దులు తెరిచి ఉండాలని అవి కోరుకుంటాయి, ఆ సంగతి బాహాటంగానే చెప్పుకుంటాయి. సరిహద్దులే లేకుండా పోవాలని మాత్రం కోరుకోవు.

మరి ఈ మూస ఇన్నిచోట్ల ఎందుకు కనబడుతుందంటే, సగం కారణం డబ్బింగు. పాత్రలు మాట్లాడే చిత్రాన్ని ఒక దేశం నుంచి మరో దేశానికి పంపాలంటే గొంతు మార్చాలి. మార్చినా పెదవుల కదలిక కుదరదు. హిందీలో తీసి తెలుగు మాటలు అతికించిన సబ్బుల ప్రకటనల్లో ఆ ఎబ్బెట్టుతనాన్ని మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. నవ్వులు, పరుగులు, కౌగిలింతలు, వెనక ఒక పాట మాత్రమే ఉంటే ఆ బాధ లేదు. ఒకే చిత్రం నలభై దేశాల్లో నడుస్తుంది, ప్రతి దేశం వాడికీ తనలాంటి ముఖం ఒకటి దొరుకుతుంది. మీ మిత్రునికి సిద్ధాంతంగా కనిపిస్తున్నదానిలో చాలా భాగం జమాఖర్చుల పుస్తకంలో ఉండేదే.

ఆ సంస్థకు ప్రపంచ ఐక్యత మీద సిద్ధాంతపరమైన మమకారం ఉందనుకుంటే, మన దేశంలో దాని చరిత్ర చూడండి. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం కింద విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు, ప్రపంచానికంతటికీ కొనిపెడతామని పాడిన సంస్థ 1977లో దుకాణం సర్దుకుని వెళ్లిపోయింది. తిరిగి వచ్చింది పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, 1993లో. రాగానే చేసిన పెద్ద పని, పార్లే వారి థమ్సప్‌ను కొనుక్కోవడం. ఆ థమ్సప్‌ను తెలుగువాళ్లకు అమ్మడానికి కొండ మీది బృందగానం వాడలేదు. చిరంజీవినీ మహేశ్‌బాబునూ పెట్టుకుని, సీసా కోసం ప్రాణాలకు తెగించి దూకే మొనగాడి కథ చెప్పింది. సంస్థ ఒకటే, ఒకచోట విశ్వప్రేమ, మరోచోట మన హీరో. ఏది ఎక్కడ అమ్ముడుపోతే అక్కడ అది.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. పెద్ద ప్రకటనలను మొదట నిమిషం నిడివితో వేసి, వారం పది రోజుల తర్వాత ఇరవై సెకన్లకూ పది సెకన్లకూ కుదిస్తారు. ఆ కోతలో ఏ దేశం వాళ్లు ఎగిరిపోయారో, ఏ కౌగిలింత మిగిలిందో గమనించండి. సీసా కనిపించే చివరి దృశ్యం మాత్రం ఎన్ని కోతలైనా పోదు. (ఈ పత్రిక కూడా ప్రకటనల మీదే నడుస్తుందని, ఈ మాటలు రాస్తున్న నాకు జీతం కొంత వాటి నుంచే వస్తుందని ఒప్పుకోవడం ధర్మం.)

ప్రశ్న: కంటికి ఆననంత వేగంగా తెర మీద మాటలు మెరిపించి మన చేత కొనిపిస్తారని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది ఎంతవరకు నిజం?
– డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: ఆ ప్రచారానికి మూలపురుషుడు జేమ్స్ వికారీ. న్యూజెర్సీలోని ఫోర్ట్ లీ సినిమా హాలులో పాప్‌కార్న్ తినండి, కోకాకోలా తాగండి అన్న మాటలను రెప్పపాటులో మెరిపించి అమ్మకాలు పెంచానని 1957లో ప్రకటించాడు. పాప్‌కార్న్ సగానికి పైగా, కోక్ 18.1 శాతం పెరిగాయని దశాంశాలతో సహా లెక్క చెప్పేసరికి లోకం నమ్మింది. ఆ ఫలితాన్ని మరెవరూ మళ్లీ రాబట్టలేకపోయారు; 1962లో ఆయనే అదొక ఎత్తుగడ అని ఒప్పుకున్నాడు. ఒప్పుకోలు మాత్రం మొదటి కథ ప్రయాణించినంత దూరం ప్రయాణించలేదు.

దాపరికం ఉన్న ప్రకటనే కావాలంటే మన టీవీలోనే బోలెడు చూడవచ్చు. మద్యం ప్రకటనలు కేబుల్ టీవీలో నిషిద్ధం కనుక, అదే పేరుతో, అదే బొమ్మతో సోడానో మ్యూజిక్ సీడీలనో అమ్ముతున్నట్టు చూపిస్తారు. పాన్ మసాలా వాళ్లు యాలకులు అమ్ముతారు. చూపించేది ఒకటి, గుర్తుకు తెచ్చేది మరొకటి. ఇలాంటి ముసుగు ప్రకటనలను వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్ మార్గదర్శకాల్లో పేరు పెట్టి మరీ నిషేధించింది.

ప్రశ్న: నేను పన్నెండేళ్లకు పైగా న్యూజెర్సీలో ఉంటున్నాను. 2014లో అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ సమయంలో వచ్చిన కోకాకోలా ప్రకటనలో హిందీ కూడా వినిపించిందని మేము సంబరపడ్డాం. ఆఫీసులో మాత్రం కొందరు కోపగించుకున్నారు, ఆ వాదన ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తూనే ఉంది. అది గ్లోబలిజం కాదంటారా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఎడిసన్

జవాబు: ఆ ప్రకటనలో పాడించింది ‘అమెరికా ది బ్యూటిఫుల్’ అనే వాళ్ల దేశభక్తి గీతాన్ని. ఒక దేశాన్ని పొగిడే పాటను ఆ దేశంలోనే మాట్లాడుకునే అనేక భాషల్లో పాడించడాన్ని గ్లోబలిజం అనడం సరిపడదు. అయితే అమెరికన్ అంటే ఎవరు అన్న తగువులో సంస్థ ఒక పక్షం తీసుకున్న మాట వాస్తవం. అది తెలిసే చేసింది, ఎంత దుమారం లేచినా వెనక్కి తగ్గలేదు. సోచి ఒలింపిక్స్ ప్రారంభోత్సవానికీ, మళ్లీ 2017లో అదే ఫుట్‌బాల్ ఫైనల్‌కు ముందూ దాన్నే వేసింది.

గ్లోబలిజానికి సరైన ఉదాహరణ కావాలంటే 2019 జనవరిలో బ్రిటన్‌లో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు వేసిన ప్రచారం చూడాలి. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటపడడం) తగువు పతాకస్థాయిలో ఉండగా, మనం ఒక దీవి కాదు అంటూ కొలంబియా కాఫీ, స్వీడన్ నుంచి వచ్చే విడిభాగాల బల్లలు, మన టిక్కా మసాలా దాకా పేర్లు పెట్టి గోడలకెక్కించింది. బ్రెగ్జిట్‌కూ దీనికీ సంబంధం లేదని బ్యాంకు అన్నది కానీ, ఇరుపక్షాల వాళ్లూ నమ్మలేదు. ఆ మాట నేనూ నమ్మను. 1865లో హాంకాంగ్‌లో, ఆసియాకూ యూరప్‌కూ మధ్య వర్తకానికి అప్పులివ్వడానికే పుట్టిన బ్యాంకు అది. సరిహద్దులు దాటే డబ్బే దాని బతుకుతెరువు, ఆ సంగతి హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకింగ్ కార్పొరేషన్ అన్న దాని పూర్తి పేరులోనే ఉంది.

మీ ఆఫీసులో ఆ వాదన మళ్లీ వస్తే, హిందీని పక్కనబెట్టి కెరెస్ సంగతి ఎత్తండి. ఆ పాటలో వినిపించిన భాషల్లో అదొకటి, అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో ఉండే ప్యూబ్లో ఆదివాసులది. పరాయి భాషల్లో పాడించారని కోపగించుకున్నవాళ్ల ఇంగ్లీషు అట్లాంటిక్ దాటి రాకముందు నుంచే అది అక్కడ ఉంది.