షార్ట్సా, పెద్ద వీడియోలా?

ప్రశ్న: వంటలు, ఊరి ముచ్చట్లు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నానండీ. షార్ట్స్‌కి వ్యూస్ బాగానే వస్తున్నాయి కానీ పైసా రాలేదు, ఎందుకని? – ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వ్యూస్ వస్తే డబ్బులొచ్చినట్టు కాదండీ. యాడ్స్‌లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లుండాలి, దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటలు జనం మీ పెద్ద వీడియోలు చూసుండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి, ఆ కోటి చెప్పినంత ఈజీ కాదు. పైగా పెద్ద వీడియోలకి మీ వాటా 55 శాతం, షార్ట్స్‌కి 45 శాతమే. అందుకే షార్ట్స్ జనాన్ని పిలవడానికి వాడుకోండి, అసలు సరుకు పెద్దవాటిలో పెట్టండి. మీ పక్క జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచే కదా మై విలేజ్ షో యూట్యూబ్ ఛానెల్ వచ్చింది, అందులో కనిపించే గంగవ్వ ఆ ఊరి యాసతోనే 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది, మీరూ యాస మార్చకండి. సినిమా పాటలు మాత్రం వెనకాల వేయొద్దు, ‘ఈ పాట మాది’ అని కాపీరైట్ క్లెయిమ్ పడితే ఆ వీడియో డబ్బులు పాట హక్కులున్నోళ్లకి పోవచ్చు.