జ్వరమొచ్చి సెలవు పెట్టిన మనిషి: మూడు చూపులు

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరంలో సమాజశాస్త్రం చదువుతున్నాను. ప్రకార్యవాదం, సంఘర్షణ సిద్ధాంతం, ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం... నిర్వచనాలన్నీ కంఠతా వచ్చు. ఏదైనా సందర్భం ఇచ్చి విశ్లేషించమంటే మాత్రం మూడూ కలగాపులగం అయిపోతాయి. ఎలా విడదీయాలి?

జవాబు: నిర్వచనాలు కాసేపు పక్కన పెట్టండి. ఒక్కో దృక్పథం ఏ ప్రశ్న అడుగుతుందో పట్టుకోండి. సమాజం సాఫీగా నడవడానికి ఇది ఏ పని చేస్తోంది అని ప్రకార్యవాది అడుగుతాడు. లాభం ఎవరికి, భారం ఎవరి మీద అని సంఘర్షణవాది అడుగుతాడు. ఇందులో ఉన్న మనుషులు ఒకరి మాటకు, చేతకు ఇంకొకరు ఏం అర్థం చెప్పుకుంటున్నారన్నది మూడో చూపు.

జ్వరమొచ్చి పనికి సెలవు పెట్టిన మనిషినే తీసుకుందాం. దీన్ని 1951లో ప్రకార్యవాది టాల్కాట్ పార్సన్స్ ‘రోగి పాత్ర’ అన్నాడు. అందులో రెండు హక్కులు, రెండు బాధ్యతలు. రోజూ చేసే పనుల నుంచి మినహాయింపు దొరుకుతుంది, జబ్బు పడ్డందుకు ఎవరూ తప్పు పట్టరు. బదులుగా రోగి త్వరగా కోలుకోవాలనుకోవాలి, తగిన వైద్యుడి దగ్గరకు వెళ్లి చెప్పినట్టు వినాలి. ఈ షరతులు లేకపోతే జబ్బు పేరుతో ఎవరైనా పని ఎగ్గొట్టవచ్చు. అందుకే ఈ చూపులో వైద్యుడు మందులు రాసేవాడే కాదు, ఆ మినహాయింపుకు కాపలా కాసేవాడు కూడా.

సంఘర్షణవాది ఇక్కడే అడ్డుపడతాడు. ఆ మినహాయింపు అందరికీ ఒకేలా అందుతోందా? సెలవు రోజుకూ జీతం వచ్చేవాడికి జ్వరం విశ్రాంతి, రోజుకూలీకి అదే జ్వరం అప్పు. మార్క్స్ బాటలో వెళితే ఉత్పత్తి సాధనాలు, అంటే భూమి, యంత్రాల్లాంటివి, ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తారు. వెబర్ ఆస్తితో ఆగడు, అంతస్తునూ కలుపుతాడు. వైద్యుడి మాటకున్న బరువు డబ్బు వల్ల మాత్రమే వచ్చింది కాదు కదా!

మూడో చూపు కోసం వైద్యుడి గదిలోకి వెళ్లాలి. రోగి ‘ఒళ్లంతా నీరసంగా ఉందండీ’ అంటాడు. వైద్యుడు కాగితం మీంచి తల ఎత్తకుండానే ‘ఎన్నాళ్ల నుంచి?’ అంటాడు. ఆ తల ఎత్తకపోవడాన్ని రోగి ‘నన్ను నమ్మడం లేదు’ అని చదువుకుంటాడు, గొంతు ఇంకాస్త బలహీనం చేస్తాడు. నీరసం నిజమా, సాకా అన్నది థర్మామీటర్ ఒక్కటే తేల్చదు. జార్జ్ హెర్బర్ట్ మీడ్ ఆలోచనల మీద నిలబడిన ఈ దృక్పథానికి 1937లో పేరు పెట్టినవాడు హెర్బర్ట్ బ్లూమర్.

మార్కులు పోయేది సాధారణంగా రెండు చోట్ల. సంఘర్షణ అంటే గొడవ అనుకుని, గొడవ కనిపించని సందర్భంలో ఆ సిద్ధాంతాన్ని వదిలేస్తారు. నిశ్శబ్దంగా కూర్చున్న క్యూలోనూ అసమానత ఉంటుంది. రెండోది, ప్రకార్యవాదమంటే ఉన్నదంతా మంచిదే అని రాయడం. రాబర్ట్ మెర్టన్ 1949లోనే వ్యక్త (అనుకుని చేసే), గుప్త (అనుకోకుండా జరిగే) ప్రకార్యాలను విడదీశాడు, వ్యవస్థకు చెరుపు చేసే ఫలితాలనూ లెక్కలోకి తెచ్చాడు. జవాబులో ఒక్క విమర్శ అయినా ఉండాలి. పార్సన్స్ మీద సులువుగా నిలిచేది ఇది: మధుమేహంలాంటి దీర్ఘకాలిక జబ్బులో పూర్తిగా కోలుకుని పాత్ర నుంచి బయటపడటం ఉండదు, ఆ నమూనా అక్కడ అతకదు.

ప్రశ్న: సమాజశాస్త్ర పితామహుడు కామ్టేనా, డర్క్‌హైమా?

జవాబు: పేరు పెట్టినవాడు కావాలంటే ఆగస్ట్ కామ్టే. మొదట ‘సామాజిక భౌతికశాస్త్రం’ అని, 1838లో ‘సోషియాలజీ’ అని రాశాడు. పద్ధతి ఇచ్చినవాడు కావాలంటే ఎమిల్ డర్క్‌హైమ్. సామాజిక వాస్తవాలను, అంటే వ్యక్తికి బయట ఉండి అతన్ని కట్టడి చేసే పద్ధతులను, వస్తువుల్లా పరిశీలించాలని 1895లో నియమాలు రాశాడు. పితామహుల జాబితాలో చోటు దక్కని హారియెట్ మార్టినోను దయచేసి వదిలేయకండి. సమాజాన్ని ఎలా గమనించాలో ఆమె 1838లోనే పుస్తకం రాసింది, 1853లో కామ్టేను కుదించి ఇంగ్లీషులోకి తెచ్చింది.

ప్రశ్న: డర్క్‌హైమ్ చెప్పిన ఆత్మహత్య రకాలు నాలుగూ గుర్తుండటం లేదు.

జవాబు: నాలుగు పేర్లుగా కాక, రెండు కొలతలుగా చూడండి. మొదటిది, మనిషిని సమూహంతో కలిపే బంధం. అది మరీ వదులైతే అహంపర రకం, మరీ బిగిస్తే పరార్థ రకం. రెండోది, కోరికలకు సమాజం వేసే కట్టుబాటు. అది సడలితే అనోమీ రకం, ఊపిరాడనంతగా బిగిస్తే విధివాద రకం. ఈ చివరిదాన్ని 1897 నాటి గ్రంథంలో ఆయన ఒక్క పాదసూచికలోనే చెప్పాడు.

‘అహంపర’ను స్వార్థం అని రాస్తే తప్పు, అక్కడ ఉన్నది ఒంటరితనం. అనోమీకి ఆర్థిక పతనమొక్కటే ఉదాహరణ కాదు, హఠాత్తుగా వచ్చిపడే సంపద కూడా కట్టుబాట్లను సడలిస్తుందని ఆయన వాదన. పైగా ఆయన లెక్కించింది సమూహాల రేట్లను. ఆ రేటును చూపించి ఫలానా వ్యక్తి ఎందుకు చనిపోయాడో చెప్పలేం.